చర్మం మీది విద్యుత్తు: లోపలి వ్యాధికి సాక్ష్యమా?

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరి కొండలకూ సముద్రానికీ నడుమ, ఉద్దానం అనే పచ్చని సీమ ఉన్నది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు ఈ సీమలోనివి. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానమైనదని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో చూడ ముచ్చటగా ఉండే ఈ ఊళ్ళలో ఇంటింటా వినవచ్చే మాట మాత్రం ‘కిడ్నీ జబ్బు’. గత శతాబ్ది చివరి దశాబ్దం నుండి ఇది వైద్యుల దృష్టికి వస్తూనే ఉన్నది. డాక్టర్ టి. రవిరాజు, వారి సహచరులు ఇంచుమించు 2200 మందిని పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితాలలో నూటికి 18 మందికి మూత్రపిండాల పనిశక్తి తగ్గినట్లు తేలింది. అట్టివారిలో అధిక సంఖ్యాకులకు మధుమేహం గాని, మరొక తెలిసిన కారణం గాని కనపడలేదు. జార్జి ఇన్‌స్టిట్యూట్ వారు ఇంచుమించు 2400 మంది పెద్దలను పరీక్షించి 2020లో ప్రకటించిన అధ్యయనంలో ఐదుగురిలో ఒకరికి ఈ దీర్ఘవ్యాధి లక్షణాలు ఉన్నట్లు తెలిసింది. ఎండలో ఒళ్ళు వంచి పనిచేయడం, తాగే నీటిలోని పదార్థాలు, పురుగు మందులు - ఇలా ఎన్నిటినో అనుమానించారు. ఏ ఒక్కటీ ఇంకా నేరస్థుడుగా రుజువు కాలేదు.

మూత్రపిండాల వ్యాధికి ఒక దుర్గుణం ఉన్నది. అది చప్పుడు చేయకుండా పెరుగుతుంది. రెండు పిండాల పనిశక్తిలో సగానికి పైగా పోయినా మనిషికి నొప్పి తెలియదు, తోటపనికి పోతూనే ఉంటాడు. కాళ్ళకు నీరు దిగి, అన్నం సహించక, ఆయాసం మొదలై ఆసుపత్రి చేరేనాటికి చాలమందికి డయాలిసిస్ తప్ప దారి ఉండదు. కనుక, జబ్బు బయటపడక ముందే ఊరందరినీ పరీక్షించి చూడాలి. ఇందుకు ఈనాడు ఉన్న సాధనం రక్తంలోని క్రియాటినిన్‌ను కొలవడం. అది కండరాలలో ఎల్లప్పుడూ పుడుతూ ఉండే వ్యర్థ పదార్థం. ఆరోగ్యమైన మూత్రపిండాలు దానిని వడగట్టి పారవేస్తాయి. అవి దెబ్బతింటే అది రక్తంలో నిలిచిపోతుంది. పరీక్ష కష్టమైనది కాదు. కాని సూది కావాలి, గొట్టాలు కావాలి, ప్రయోగశాల కావాలి, ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చే మనిషి కావాలి, మూడు నెలల తరువాత అతడే మళ్ళీ రావాలి.

ఇటువంటి చోట, ‘సూది అక్కరలేదు, నెత్తురు అక్కరలేదు, అరచేతులు ఈ పళ్ళెం మీద ఆనించు, మూడు నిమిషాలలో లోపలి జబ్బు చెప్పుతాను’ అనే యంత్రం ఒకటి వస్తే ఎవరికి ఆశ పుట్టదు? అటువంటి యంత్రాలు నిజంగానే ఉన్నవి. వాటిలో కొన్ని శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరీక్షిస్తున్నవి, కొన్ని వట్టి మోసం. రెండూ చర్మం మీద విద్యుత్తునే కొలుస్తాయి. చూసేవారికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందువలన చర్మం మీది విద్యుత్తు అసలు దేనికి సాక్ష్యం చెబుతుందో మొదట తెలుసుకోవాలి.

చెమట గొట్టాల దారి

మన శరీరం లోపల ఉన్నది చాలవరకు ఉప్పునీరే. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. కనుక ఒక చేతి నుండి మరొక చేతికి లోపలి దారిలో ఉండే నిరోధం కొన్ని వందల ఓములు మాత్రమే. చర్మం సంగతి వేరు. దాని పైపొర ఎండిపోయిన మృతకణాల దొంతర. సున్నపు పూత మీద పూత వేసినట్లు ఉంటుంది. పొడి చర్మపు నిరోధం లక్ష ఓముల దాకా పోవచ్చును. అదే చర్మం తడిస్తే వెయ్యి ఓములకు దిగిపోవచ్చును. ఒకటిన్నర వోల్టుల టార్చిలైటు ఘటాన్ని తీసుకుంటే, పొడి చర్మం గుండా పారేది 15 మైక్రో ఆంపియరులు. తడి చర్మం గుండా 1500 మైక్రో ఆంపియరులు. ఒకే మనిషి, ఒకే ఘటం, నడుమ వచ్చిన భేదం నూరు రెట్లు.

దీనిని ఎవరైనా చూడవచ్చును. రేడియో బాగుచేసేవారి వద్ద ఉండే మల్టీమీటరును ఓముల మీద ఉంచి, దాని రెండు మొనలను రెండు చేతుల వేళ్ళతో పట్టుకుంటే ఒక అంకె కనిపిస్తుంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆ అంకె తగ్గుతుంది. వేళ్ళు తడి చేసుకుంటే మరీ తగ్గుతుంది. ఐదు నిమిషాలు అలాగే పట్టుకుంటే, మొన కింద చెమట చేరి, ఏమీ చేయకుండానే తగ్గుతుంది. (ఈ ప్రయోగం బ్యాటరీతో పనిచేసే మీటరుతోనే చేయాలి, గోడ మీది ప్లగ్గు దగ్గరకు పోరాదు.) నొక్కుడు, తడి, కాలం - ఈ మూడు మాటలూ పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు ముందు పని పడుతుంది.

పైపొర ఇంత గట్టి కవచమైనప్పుడు విద్యుత్తు లోపలికి ఎలా పోతున్నది? చెమట గొట్టాల గుండా. మన ఒంటి మీద 20 నుండి 40 లక్షల స్వేదగ్రంథులు ఉన్నవి. అరచేతులలోను, అరికాళ్ళలోను అవి మరీ దట్టం. ఒక్కొక్క గ్రంథి లోపలి చర్మంలో చుట్టచుట్టుకొని కూర్చుని, సన్నని గొట్టంతో పైకి తెరుచుకుంటుంది. గొట్టం నిండా ఉప్పు చెమట ఉంటే అది కవచానికి పడిన బెజ్జం వంటిది; తక్కువ వోల్టుల విద్యుత్తు ఆ బెజ్జాలలో నుండే పోతుంది. ఈ గ్రంథులను నడిపేవి మన ఇచ్ఛకు లోబడని సన్నని నాడులు. భయం, ఆశ్చర్యం, ఉద్వేగం కలిగితే ఆ నాడులు కదిలి అరచేయి చెమర్చుతుంది, నిరోధం పడిపోతుంది. ఫ్రాన్సులో వీగురూ 1879లోను, ఫెరే 1888లోను దీనిని గమనించారు. రష్యాలో తర్ఖనోవ్ 1890లో, బయటి ఘటం ఏదీ లేకుండానే, చర్మం మీద రెండు చోట్ల మధ్య విద్యుత్ పీడనం మారుతుందని చూపాడు. తరువాతి కాలంలో అబద్ధాలను పట్టే యంత్రమని పేరుపడ్డ దానిలో ఒక భాగం ఇదే. నిజానికి అది అబద్ధాన్ని పట్టదు, చెమటను పడుతుంది. నిజం చెప్పేవాడు కూడా పోలీసుల ఎదుట చెమర్చుతాడు!

కనుక చర్మం మీది విద్యుత్తు సూటిగా చెప్పేది రెండే విషయాలు: చెమట గ్రంథి ఎలా ఉన్నది, దానిని నడిపే నాడి ఎలా ఉన్నది. మిగిలినది ఏది చెప్పినా ఈ రెంటి గుండానే చెప్పాలి.

(గుండె విద్యుల్లేఖనం దీనికి భిన్నం. అక్కడ విద్యుత్తు గుండెలోనే పుట్టి చర్మం దాకా వస్తుంది. చర్మం కేవలం వాకిలి. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానం తెచ్చినది ఆ విద్య.)

ఉప్పగా ఉండే బిడ్డలు

చెమట ద్వారా లోపలి వ్యాధిని నిక్కంగా కనిపెట్టిన సందర్భం ఒకటి ఉన్నది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనేది పుట్టుకతో వచ్చే వ్యాధి. ఊపిరితిత్తులలో జిగట శ్లేష్మం పేరుకొని, క్లోమగ్రంథి చెడి, పిల్లలు తిన్నది ఒంటబట్టక చిక్కిపోతారు. యూరపు జాతులలో ఎక్కువ. మన దేశంలో అరుదే కాని లేకపోలేదు. ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగిలే బిడ్డ బ్రతకదని యూరపులో పూర్వం నుండి ఒక నమ్మకం ఉండేది. 1948 ఆగస్టులో న్యూయార్కులో ఎండలు మండిపోయినప్పుడు, ఈ వ్యాధి ఉన్న పిల్లలు తక్కినవారికంటె త్వరగా వడదెబ్బకు సొమ్మసిల్లడం డాక్టర్ డి సాంత్ అన్యేసే అనే వైద్యుడు గమనించాడు. చెమటలో ఉప్పు అధికంగా పోతున్నందువల్లనే ఇలా జరుగుతున్నదని ఆయన, ఆయన సహచరులు 1953లో ప్రకటించారు. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు ఒక చక్కని పద్ధతి కనిపెట్టారు. పైలోకార్పిన్ అనే మందును స్వల్ప విద్యుత్ ప్రవాహంతో ముంజేతి చర్మంలోకి పంపి, ఆ చోట చెమట పట్టించి, దానిని పట్టి కొలవడం ఆ పద్ధతి. ఆ చెమట ఎంత విద్యుద్వాహకమో చూసి మొదట వడపోయవచ్చును. అనుమానం వచ్చిన వారికి క్లోరైడును కొలిచి నిర్ధారణ చేయవచ్చును. లీటరుకు 60 మిల్లీమోల్‌ల క్లోరైడుకు తక్కువ కాకుంటే వ్యాధి అన్నమాటే.

ఈ పరీక్ష ఎందుకు నమ్మదగినది? ఊపిరితిత్తికీ చెమట గొట్టానికీ గల సంబంధం తెలిసినది కనుక. 1989లో ఈ వ్యాధికి మూలమైన జన్యువును కనిపెట్టారు. క్లోరైడు అయానులు కణపు గోడ దాటే ద్వారాన్ని నిర్మించేది ఆ జన్యువే. అదే ద్వారం ఊపిరితిత్తిలోను ఉన్నది, చెమట గొట్టంలోను ఉన్నది. ఒకచోట చెడితే రెండవచోటా చెడుతుంది. చర్మం ఇక్కడ కళ్ళారా చూసిన సాక్షి.

క్యోటోలో ఒక మూత్రపిండ రోగి

ఇక రెండవ కథ. 1950లో జపానులోని క్యోటోలో నకతాని అనే వైద్యుడు ఒక మూత్రపిండ వ్యాధిగ్రస్తుని చర్మం మీద విద్యుత్తు కొలుస్తూ పోగా, కొన్ని చుక్కల వద్ద ప్రవాహం తేలికగా పోతున్నట్లు కనిపించింది. ఆ చుక్కలను కలిపితే, చీనా దేశపు ప్రాచీన సూదివైద్యంలో ‘మూత్రపిండ నాళం’ అని చెప్పే గీతకు దగ్గరగా వచ్చినవట. ఆయన దీనికి ర్యోదొరకు అని పేరు పెట్టి, ఒంటి మీద ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క గీత చొప్పున పటం గీశాడు. అదే దశాబ్దంలో జర్మనీలో ఫోల్ అనే వైద్యుడు ఇటువంటిదే మరొక పద్ధతి లేవదీశాడు: రోగి ఒక చేతిలో ఇత్తడి కడ్డీ పట్టుకుంటాడు, వైద్యుడు ఒక మొనతో అతని వేళ్ళ మీద చుక్క చుక్క దగ్గర తాకుతాడు, మీటరు ముల్లు ఎక్కడ ఎలా తిరిగిందో చూసి ఏ అవయవం చెడిందో చెబుతాడు. వీటి సంతానమే తరువాత కంప్యూటరుతో జతకూడి ఊరూరా తిరుగుతున్నది.

ఉద్దానపు పాఠకునికి ఈ కథ ఆసక్తి కలిగించక మానదు. పద్ధతి పుట్టినదే ఒక మూత్రపిండ రోగి చర్మం మీద. కాని ప్రశ్నించవలసినది కూడా అక్కడే. మూత్రపిండానికీ, కాలి మీది ఒక చుక్కకూ మధ్య ఏ నాడి పోతున్నది? ఏ ద్వారం రెండుచోట్లా ఉన్నది? పటం చూపే దారి ఏదీ కోసి చూసినవారికి కనపడలేదు. పైగా, ఇంతకుముందు చెప్పుకున్న నొక్కుడు, తడి, కాలం అనే మూడూ ఇక్కడ వైద్యుని చేతిలోనే ఉన్నవి. మొనను కొంచెం గట్టిగా ఒత్తితే ముల్లు ఎక్కువ తిరుగుతుంది. ఒత్తేవాడు మోసగాడు కానక్కరలేదు. ఇతనికి జబ్బున్నదని అతని మనసులో ఉంటే చేయి తనంతట తానే ఒత్తుతుంది.

ఇది వట్టి ఊహ కాకుండా చూడాలంటే, వైద్యునికి రోగి ఎవరో తెలియకుండా పరీక్ష చేయించాలి. ఇంగ్లండులో లెవిత్, ఆయన సహచరులు అదే పని చేసి 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 30 మందిని తీసుకున్నారు. అందులో సగం మందికి పిల్లి బొచ్చు గాని, ఇంటి దుమ్ములోని పురుగు గాని పడదు, తక్కిన సగానికి ఏ బాధా లేదు. ఎవరు ఎవరో తెలియని పరీక్షకులు ఫోల్ పద్ధతికి చెందిన యంత్రంతో మొత్తం 1500కు పైగా పరీక్షలు చేశారు. యంత్రం ఆ రెండు జట్లనూ వేరు చేయలేకపోయింది.

మన ప్రాంతంలోను ‘క్వాంటమ్’ అనే పెద్ద పేరు తగిలించుకున్న చిన్న పెట్టెలు ఉచిత వైద్య శిబిరాలలో కనిపిస్తుంటాయి. ఒక కడ్డీ అరచేతిలో పట్టుకుంటే నిమిషంలో గుండె, కాలేయం, మూత్రపిండం, ఎముకలు, విటమినులు అన్నిటికీ అంకెలు వేసి పుటల కొద్దీ కాగితం చేతికిస్తాయి. క్వాంటమ్ సిద్ధాంతం తరగతిలో బోధించేవానిగా ఆ పేరు అక్కడ చూస్తే నాకు నవ్వు రాదు, బాధ కలుగుతుంది. ఒక కడ్డీ, ఒక అరచేయి కలిసి ఇచ్చేది ఒక్క కొలత. ఒక్క సమీకరణంతో నలభై అజ్ఞాతరాశులు కనుక్కోవడం ఏ గణితంలోనూ సాధ్యం కాదు. ఆ కాగితం చూసి ‘కిడ్నీలు బాగున్నాయి’ అని నమ్మి ఒక కవిటి రైతు రక్తపరీక్ష మానుకుంటే, అతడు పోగొట్టుకునేది కాగితానికి ఇచ్చిన సొమ్ము మాత్రమే కాదు.

పారిసు నుండి వచ్చిన పళ్ళెం

మూడవ రకం యంత్రం ఈ రెంటికీ మధ్య నిలిచి ఉన్నది. పారిసులోని ఇంపెటో మెడికల్ అనే సంస్థ తయారుచేసిన దీనిని ఈజీస్కాన్ అని, సుడోస్కాన్ అని పిలుస్తారు. మనిషి అరచేతులూ అరికాళ్ళూ లోహపు పళ్ళెముల మీద ఆనించి కదలకుండా నిలబడతాడు. నాలుగు వోల్టులకు మించని పీడనాన్ని మెట్లు మెట్లుగా పెంచుతూ యంత్రం రెండు మూడు నిమిషాలు కొలుస్తుంది. ఇంత తక్కువ పీడనం వద్ద పైపొర దాదాపు అవాహకం. కనుక చెమట గొట్టాలలోని క్లోరైడు అయానులు మాత్రమే పళ్ళెం చేరి ప్రవాహాన్ని నడుపుతాయి. ఫలితం వాహకతగా, మైక్రోసీమెన్స్‌లలో వస్తుంది. (లక్ష ఓముల నిరోధమంటే 10 మైక్రోసీమెన్స్‌ల వాహకత.) అరికాళ్ళకు 70, అరచేతులకు 60 మైక్రోసీమెన్స్‌లకు పైగా ఉంటే మామూలుగా ఉన్నట్లు లెక్క.

ఇక్కడ మొన ఒత్తేవాడు లేడు. చుక్కల పటం లేదు. కొలిచేది చెమట గ్రంథినీ దాని నాడినీ అని నిర్మించినవారే ఒప్పుకుంటారు. మధుమేహంలో మొదట దెబ్బతినేవి సన్నని పొడుగు నాడులు. అందులోను అరికాళ్ళకు పోయేవి. కాబట్టి అరికాలి వాహకత తగ్గితే మధుమేహం నాడులను తాకిందని అనుమానించడంలో న్యాయం ఉన్నది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్, వారి సహచరులు ఈ యంత్రంతో మధుమేహాన్నీ, దానికి ముందరి స్థితినీ సూది లేకుండా వడపోయవచ్చునేమో పరీక్షించి 2010లో ప్రకటించారు. మరుసటి ఏడు హాంకాంగ్‌లో ఒజాకి, ఆమె సహచరులు ఇంకొక అడుగు ముందుకు వేసి, మధుమేహ రోగులలో మూత్రపిండ వ్యాధిని ఈ పళ్ళెం కనిపెట్టగలదా అని చూశారు. మూత్రపిండాలు చెడిన వారిలో ఆ అంకెలు వేరుగా ఉన్నవి.

ఇది చదవగానే ‘అయితే ఉద్దానానికి ఇదే మందు’ అనబుద్ధి వేస్తుంది. తొందరపడరాదు. హాంకాంగ్ పళ్ళెం మూత్రపిండాన్ని చూడలేదు, నాడినే చూసింది. మధుమేహం ఒకే ఇంట చొరబడి రెండు గదులు దోచే దొంగ వంటిది: సన్నని నాడులనూ పాడుచేస్తుంది, మూత్రపిండపు వడపోత గుచ్ఛాలనూ పాడుచేస్తుంది. నాడుల గది దోపిడీ అయి ఉంటే మూత్రపిండాల గదీ అయి ఉంటుందని ఊహించడం సబబే. కాని ఉద్దానానికి వచ్చిన దొంగ మధుమేహం కాదు. ఇక్కడి వ్యాధి ఎక్కువగా మూత్రపిండంలోని సూక్ష్మ నాళికలనూ, వాటి నడుమ కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. చాలమందికి మూత్రంలో మాంసకృత్తులు కూడా అంతగా పోవు. శ్రీలంక ఉత్తర మధ్య పరగణాలోను, మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలీలలోను ఇటువంటి వ్యాధే ఉన్నది. అది మొదటి దశలోనే సన్నని నాడులను తాకుతుందని ఎవరూ నిరూపించలేదు. నాడి బాగున్నవాని పళ్ళెం పచ్చగానే చూపుతుంది, లోపల పిండం ఎండిపోతున్నా సరే. విజయనగరం బజారులో పదిహేనేళ్ళుగా చక్కెర వ్యాధి ఉన్న వర్తకునికి ఈ పళ్ళెం ఏదో ఒక మాట చెప్పవచ్చును. చక్కెర లేని వజ్రపుకొత్తూరు కొబ్బరి కూలీకి అదే మాట వర్తించదు.

మూత్రపిండాలు పూర్తిగా చెడిన తరువాత రక్తంలో చేరిన విషపదార్థాల వలన నాడులూ దెబ్బతింటాయి, చెమట గ్రంథులు కుంచించుకుపోతాయి, చర్మం పొడిబారుతుంది. అప్పుడు వాహకత పడిపోవడం సహజమే. అప్పటికి రోగి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. అతనికి జబ్బున్నదని చెప్పడానికి యంత్రం అక్కరలేదు.

కొలిచే చర్మం సంగతి కూడా ఆలోచించాలి. పార, కత్తి పట్టి కాయలు కాచిన అరచేయి, చెప్పులు లేక బండబారిన అరికాలు, ఎండలో అప్పుడే చెమటోడ్చి వచ్చిన ఒళ్ళు - ఇవి పట్టణపు ఆసుపత్రికి వచ్చినవారి చర్మం వంటివి కావు. ఆరోగ్యవంతులలో కూడా ఈ వాహకత జాతిని బట్టి మారుతుందని, భారతీయులలో యూరపు వారికంటె తక్కువగా ఉంటుందని తేలింది. అంటే 70 అన్న గీతను ఉద్దానంలో ఎక్కడ గీయాలో ముందు ఉద్దానంలోనే తేల్చుకోవాలి. 2019లో రాజన్, వారి సహచరులు అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, వాటిలో చాలవాటికి తయారీదారుల సొమ్ము సహాయం ఉన్నదని, మామూలు విలువలే ఒకదానితో ఒకటి పొసగడం లేదని, ఈ యంత్రం నాడుల స్థితినే నమ్మకంగా కొలుస్తున్నదని చెప్పడానికి ఆధారం చాలదని వ్రాశారు. నాడి విషయమే తేలనప్పుడు, నాడి మీద ఆధారపడిన మూత్రపిండం మాట ఇంకా దూరం.

లెక్క వేసి చూద్దాం

యంత్రం కొంతవరకు పనిచేస్తుందనే ఊహించుకుందాం. వ్యాధి ఉన్నవారిలో నూటికి 75 మందిని పడుతుందనీ, లేనివారిలో నూటికి 75 మందిని సరిగా వదులుతుందనీ అనుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. ఒక ఊరిలో 1000 మంది పెద్దలు, వారిలో 200 మందికి వ్యాధి ఉన్నదనుకోండి. యంత్రం 150 మందిని పట్టుతుంది. 50 మందిని ‘నీకేమీ లేదు’ అని ఇంటికి పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న 800 మందిలో 200 మందిని జబ్బుమనుషులని భయపెడుతుంది. మొత్తం 350 మందికి ఎలాగూ రక్తపరీక్ష చేయాలి.

వ్యాధి అంతగా లేని మరొక ఊరిలో 1000 మందికి 40 మంది మాత్రమే రోగులనుకోండి. అదే యంత్రం 30 మందిని పట్టి, 10 మందిని వదిలి, 240 మంది ఆరోగ్యవంతులను అనవసరంగా బెదిరిస్తుంది. యంత్రం మారలేదు, ఊరు మారింది. దాని మాట విలువ మారింది.

ఈ లెక్కలో నన్ను ఎక్కువ బాధపెట్టేది బెదిరిన 200 మంది కాదు. వారు రక్తపరీక్ష చేయించుకొని ఊరట చెందుతారు. ధీమాగా ఇంటికి పోయిన 50 మంది సంగతే ఘోరం. ఉద్దానం వంటి చోట, ఐదుగురిలో ఒకరికి వ్యాధి ఉన్నప్పుడు, ముందు పళ్ళెంతో వడపోసి తరువాత రక్తం తీయడం కంటె సూటిగా రక్తం తీయడమే చవక అవుతుంది. మోచేతి నరం నుండి కొద్దిపాటి రక్తం, క్రియాటినిన్ కొలత, వయస్సును, స్త్రీ పురుష భేదాన్ని బట్టి వడపోత వేగం లెక్క, నిమిషానికి 60 మిల్లీలీటరులకు తక్కువైతే మూడు నెలలకు మళ్ళీ ఒకసారి. దీనికీ లోపం ఉన్నది. పనిశక్తి చాలవరకు పోయేదాకా క్రియాటినిన్ గట్టిగా పెరగదు. కండలేని బక్కమనిషిలో మరీ ఆలస్యంగా పెరుగుతుంది. ఇంతకంటె ముందుగా చెప్పగల పరీక్ష కావాలన్న కోరిక న్యాయమైనదే. అయితే ఆ పరీక్ష మూత్రపిండాన్నే అడగాలి, పక్కింటివారిని కాదు.

పళ్ళెం విషయం తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఉద్దానంలోనే వ్యాధి ఉన్నవారినీ, అదే వయస్సులో, అదే పనిలో ఉండి వ్యాధి లేనివారినీ తీసుకొని, మధుమేహం ఉన్నవారిని వేరుపరచి, కొలిచేవారికి ఎవరు ఎవరో తెలియకుండా కొలవాలి. రక్తపు ఫలితాలు మరొకరి వద్ద మూసి ఉంచి, చివరకు రెంటినీ పక్కపక్కన పెట్టాలి. లెవిత్ 30 మందితో చేసిన పనికి ఇది కొంచెం పెద్ద రూపం.

డయాలిసిస్ మంచం దగ్గర

ఇంతవరకు చదివి, చర్మం మీది విద్యుత్తు మూత్రపిండ రోగులకు ఎందుకూ పనికిరాదనుకుంటే పొరపాటు. దాని చోటు వేరు.

మూత్రపిండాలు పోయినవాడు తాగిన నీరు బయటకు పోదు, ఒంట్లోనే నిలుస్తుంది. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ యంత్రం ఆ నీటిని తీయాలి. ఎంత తీయాలి? తక్కువ తీస్తే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, గుండె మీద భారం పడుతుంది. ఎక్కువ తీస్తే రక్తపోటు పడిపోయి, పిక్కలు పట్టేసి, రోగి సొమ్మసిల్లుతాడు. సోంపేట, పలాస, కవిటి వంటి చోట్ల డయాలిసిస్ చేసే సిబ్బందికి ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. రోగిని తూకం వేసి, కాలి మీద వేలు నొక్కి గుంట పడుతున్నదా అని చూసి, రక్తపోటు చూసి ఒక అంచనాకు వస్తారు. రోగి బాగా తిని లావైనా, తినక చిక్కినా ఆ అంచనా తప్పుతుంది.

ఇక్కడ చర్మాన్ని వాకిలిగా మాత్రమే వాడుకొని, స్వల్పమైన ఏకాంతర విద్యుత్తును శరీరం గుండా పంపుతారు. తక్కువ పౌనఃపున్యం గల ప్రవాహం కణాలలోకి చొరబడలేక వాటి చుట్టూ ఉన్న నీటిలోనే పోతుంది. ఎక్కువ పౌనఃపున్యం గలది కణపు గోడలను దాటి లోపలి నీటిలో కూడా పోతుంది. ఈ రెండు నిరోధాల భేదం నుండి కణాల వెలుపలి నీరెంత, లోపలి నీరెంత అని లెక్కకట్టవచ్చును. మామూలుకంటె ఎక్కువ ఉన్న నీరు ఇన్ని లీటరులని తేల్చవచ్చును. 1962లో ఫ్రాన్సులోని లియోన్‌లో తొమాసే దీనిని మొదలుపెట్టినప్పుడు సూదులను చర్మం కింద గుచ్చేవాడు. 1969లో హోఫర్, ఆయన సహచరులు చర్మం మీదనే నాలుగు పట్టీలు అంటించి కొలిచారు: రెంటి గుండా ప్రవాహం పంపి, మిగిలిన రెంటి మధ్య పీడనాన్ని చూశారు. ఇందువలన చర్మపు సొంత నిరోధం లెక్కలోకి రాకుండా తొలగిపోతుంది. ఈనాడు చేతికి రెండు, కాలికి రెండు పట్టీలు అంటించి, రోగి పడుకొని ఉండగా కొద్ది నిమిషాలలో ముగిస్తారు. నొక్కుడు, తడి, కాలం ఇక్కడ అంతగా బాధించవు, ఎందుకంటే కొలిచేది చర్మాన్ని కాదు, దాని వెనుక ఉన్న ఉప్పునీటిని. ఆ ఉప్పునీటికీ మూత్రపిండానికీ గల సంబంధం ఎవరికీ సందేహం లేనిది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితో కలిసి మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. హిరమండలం జలాశయం నుండి ఉద్దానం ఊళ్ళకు తాగునీరు తెచ్చే పథకం కూడా అదే నెలలో మొదలైనది. అక్కడి పరిశోధకుల ముందున్న పెద్ద ప్రశ్న వ్యాధికి కారణం ఏమిటన్నది. పట్టీలతో కొలిచే నీటి లెక్కకు ఆ కారణం తెలియనక్కరలేదు. డయాలిసిస్‌కు వచ్చిన మనిషి ఒంట్లో ఈ రోజు ఎన్ని లీటరుల నీరు ఎక్కువగా ఉన్నదో చెబితే చాలును.